మూడో విండో తర్వాత ఒకటో విండో

తెనాలిలో మా ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటర్ ఉంది. దాని ముందు కూర్చుని నేను జాతకచక్రాలు వేస్తాను. ఫలం చెప్పను, అది పురోహితుల పని. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పురోహితులు కొందరు పుట్టిన తేదీ, వేళ, ఊరు నాకు ఫోన్లో పంపిస్తారు. నేను గణితం చేసి, కాగితం అచ్చు తీసి, దాన్ని ఫొటో తీసి పంపిస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. నక్షత్రాలు మనుషుల్ని నడిపిస్తాయా అని ఎవరైనా అడిగితే నాకు తెలియదనే చెబుతాను. నడిపించేది ఏదైనా, నా బల్ల మీద నుంచి వెళ్ళే అంకె మాత్రం సరైనదై ఉండాలి.

ఈ గణితం నాకు ఎవరూ నేర్పలేదు. మా నాన్న బడిపంతులు. సాయంత్రం పూట అన్నయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని పలక మీద పంచాంగ గణితం చెప్పేవారు. నేను గుమ్మం ఇవతల చిక్కుడుకాయలు వలుస్తూ వినేదాన్ని. అన్నయ్యకు అది ఎక్కలేదు. నాకు ఎక్కింది. పెళ్ళై తెనాలి వచ్చాక నాన్న పాత పంచాంగాలన్నీ తెచ్చుకుని, ఒక్కో ఏడాదీ ముందు వేసుకుని, ఆయన చేసిన లెక్కలే మళ్ళీ చేసుకుంటూ మిగతాది పట్టుకున్నాను. నాన్న అన్నయ్యకు చెప్పిన మాటల్లో ఒకటి నా మనసులో బాగా నాటుకుంది.

"తప్పు లెక్క చెరపకురా. దాని మీద గీత కొట్టి పక్కన మళ్ళీ చెయ్యి. ఎక్కడ తప్పావో కనబడాలిగా."

అన్నయ్య మోచేత్తో చెరిపేసేవాడు. నేను ఎప్పుడూ చెరపలేదు. నలభై ఏళ్ళ తర్వాత నన్ను ఒక పెద్ద తప్పులోకి దింపింది ఆ మాటే. ఆ తప్పులోంచి బయటికి తెచ్చిందీ అదే.

జాతకాల ప్రోగ్రాం మా కంప్యూటర్లో వేసినప్పుడు, వేసిన మనిషి అరగంట కూర్చుని అంతా చూపించాడు. ఒక పెద్ద విండో ఉంటుంది. అందులో ఒక్కో జాతకం ఒక్కో చిన్న విండోగా తెరుచుకుంటుంది. ఎన్నైనా తెరుచుకోవచ్చు. వాటిని సర్దుకోవడానికి రెండు పద్ధతులు. ఒకటి, మెట్లు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి. వెనకవాటి పైఅంచు మాత్రం కనబడుతుంది. రెండోది, గోడకు పటాలు తగిలించినట్టు అన్నీ పక్కపక్కన. పక్కపక్కన పెడితే అక్షరాలు చిన్నవైపోతాయి. నా కళ్ళద్దాలకు అది పడలేదు. పైగా మెట్ల పద్ధతి నా బల్ల మీద కాగితాల దొంతరలా ఉండేది. నేను దానికే అలవాటు పడ్డాను.

నాన్న మాట ప్రకారం పని పూర్తయ్యేదాకా ఏ విండోనూ మూసేదాన్ని కాదు. తప్పని తేలిన చక్రం కూడా వెనకెక్కడో తెరిచే ఉండేది. మా ఆయన అమృతలూరు బడి నుంచి వచ్చి నా వెనక నిలబడి చూసేవారు.

"ఇవాళ ఎన్ని తెరిచావు?"

"పదకొండు."

"ఇంకో రెండు తెరువు. పదమూడైతే షో చెప్పెయ్యొచ్చు."

పేకాట ఆడని మనిషి పేకాట మాట అంటే నవ్వొస్తుంది. నవ్వి ఊరుకునేదాన్ని. ఆ మాటలో కొంత నిజం ఉందని అప్పట్లో తోచలేదు. చేతిలో ముక్కలు ఎక్కువైనప్పుడు పక్క ముక్క జారిపడటం సులువు.

ఒకరోజు పొద్దున్నే బాపట్ల పురోహితుడు సందేశం పంపారు. వయసులో నాకంటే చాలా పెద్ద. బాబాయిగారూ అంటాను. అబ్బాయి బాపట్ల, అమ్మాయి రేపల్లె. ఇద్దరూ బాపట్లలో విత్తనాలు పరీక్షించే ఒక చోట పనిచేస్తున్నారు. తడి కాగితం మీద వంద గింజలు పరిచి, వారం తర్వాత ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టే పని. అక్కడే ఒకరికొకరు నచ్చారు. రెండిళ్ళ పెద్దవాళ్ళూ ఒప్పుకున్నారు, అబ్బాయి నాయనమ్మ తప్ప. ఆవిడ పాయింట్లు చూడాలన్నారు. పెంచిన మనిషి. ఆవిడ మాట దాటి ఆ ఇంట్లో ఏదీ జరగదు.

పాయింట్లంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అబ్బాయి నక్షత్రాన్నీ అమ్మాయి నక్షత్రాన్నీ పోల్చి ఎనిమిది లెక్కలు చేస్తారు. అన్నీ కలిపితే ముప్పై ఆరు. పద్దెనిమిది దాటితే సరే. దాటకపోతే చాలామంది అక్కడే ఆగిపోతారు.

అమ్మాయి వివరాల దగ్గర ఆయన రాసింది ఇది: ఫలానా తేదీ, బుధవారం రాత్రి రెండు గంటలకు, రేపల్లెలో. ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా నేను ఆగుతాను. మనవాళ్ళకు రోజు తెల్లవారితే మొదలై మళ్ళీ తెల్లవారేదాకా నడుస్తుంది. బుధవారం రాత్రి రెండు అంటే బుధవారం పడుకున్నాక వచ్చే రెండు. కంప్యూటర్‌కు మాత్రం రాత్రి పన్నెండు దాటితే గురువారం. బుధవారం తేదీ వేసి రెండు అని కొడితే అది మంగళవారం పడుకున్నాక వచ్చే రెండుకు చక్రం వేస్తుంది. ఒక రోజంతా వెనక్కి పోతుంది.

అందుకని ఎప్పుడూ చేసేదే చేశాను. తేదీ రాసినది రాసినట్టు వేసి ఒక విండో తెరిచాను. ఒక రోజు ముందుకు జరిపి రెండో విండో తెరిచాను. తర్వాత అమ్మాయి తల్లికి రేపల్లె ఫోన్ చేశాను.

"బుధవారం రాత్రేనండి అక్కయ్యగారూ," అంది ఆవిడ. "బుధవారం పగలంతా నొప్పులు పడ్డానండి. రాత్రి రెండింటికి పుట్టింది. తెల్లారితే గురువారం."

అంటే రెండో విండో సరైనది. ఒకటోది తప్పు. తప్పుదాన్ని మూయలేదు. నాన్న చెప్పినట్టు ఉంచాను. కానీ పలక మీదైతే దాని మీద గీత కొట్టేదాన్ని. తెర మీద గీత కొట్టలేదు.

తర్వాత అబ్బాయి జాతకం మూడో విండోలో తెరిచాను. అతని వేళ మరోసారి చూసుకుందామని, ప్రోగ్రాం వదిలి పురోహితుడి సందేశం ఉన్న చోటికి వెళ్ళాను. చూసుకుని మళ్ళీ ప్రోగ్రాంలోకి వచ్చాను. ముందు అబ్బాయి విండో ఉంది. పోల్చే లెక్కకు అమ్మాయి విండో ముందుకు రావాలి. ఏది ముందుంటే ప్రోగ్రాం దాన్నే అమ్మాయి జాతకంగా తీసుకుంటుంది. మౌస్ ఎందుకని కంట్రోల్ పట్టుకుని ట్యాబ్ ఒకసారి నొక్కాను. అమ్మాయి పేరున్న విండో వచ్చింది. లెక్క చేయమన్నాను. అచ్చు తీశాను. పంపేశాను.

తొమ్మిదిన్నర వచ్చింది. తక్కువే అనుకున్నాను. పైగా ఏకనాడి. ఇద్దరి నాడీ ఒకటైతే మా వైపు పెద్దవాళ్ళు ఇక మాట్లాడరు. అయ్యో అనిపించింది. అనిపించినంత మాత్రాన అంకె మారదు కదా అని తర్వాతి పని చూసుకున్నాను.

మర్నాడు పురోహితుడు ఫోన్ చేశారు.

"ఆ సంబంధం ఆగిపోయిందమ్మా. మామ్మగారు నేను రాసిచ్చిన కాగితం చూసి మడిచి దిండు కింద పెట్టేసుకున్నారు. ఆదివారం చీరాలలో వేరే పిల్లను చూడ్డానికి వెళ్తున్నారు."

"అబ్బాయి ఏమన్నాడండి?"

"ఏమంటాడు. నాయనమ్మ ముందు నోరెత్తడు. అన్నం మాత్రం ముట్టడం లేదట."

ఆ మధ్యాహ్నం రేపల్లె నుంచి అమ్మాయి తల్లి ఫోన్. గొంతులో నిష్ఠూరం లేదు.

"అక్కయ్యగారూ, తప్పుగా అనుకోకండి. ఆ తొమ్మిదిన్నర ఎలా వచ్చిందో కాస్త కాగితం మీద రాసి ఇస్తారా అండి? మా అమ్మాయి అడుగుతోంది."

"ఆ ఎనిమిది లెక్కలూనా అండి?"

"ఎనిమిదీనట. 'లెక్క సరిగ్గా ఉంటే ఊరుకుంటాను, లెక్క చూడకుండా ఊరుకోను' అంటోందండి. గింజలు లెక్కపెట్టీ లెక్కపెట్టీ ఇలా తయారైంది."

పదకొండేళ్ళలో నన్ను లెక్క చూపించమన్నవాళ్ళు లేరు. ఎంత వచ్చింది అంటారు, అంతే. నాకు సంతోషం వేసిందంటే నమ్మాలి. చేత్తో రాద్దామని తెల్లకాగితం తీసుకుని మొదటి వరస రాశాను: అబ్బాయి రోహిణి, అమ్మాయి మఖ. రాసి, మఖ సరేనా అని తెర వైపు చూశాను. మూడు విండోలూ ఇంకా తెరిచే ఉన్నాయి. ముందున్నదాంట్లో మఖ ఉంది. అయినా అన్నిటినీ ఒకసారి చూసుకుందామని మొదటిసారిగా ఆ పక్కపక్కన పెట్టే పద్ధతి నొక్కాను. అక్షరాలు చిన్నవయ్యాయి. కళ్ళద్దాలు ముక్కు చివరికి లాక్కుని ముందుకు వంగాను.

రెండు విండోల్లో అమ్మాయి పేరు ఉంది. ఒకదాంట్లో మఖ. ఇంకోదాంట్లో పుబ్బ. బుధవారం తేదీ వేసినదాంట్లో మఖ. గురువారం తేదీ వేసినదాంట్లో పుబ్బ.

నేను తప్పు విండోతో లెక్క కట్టాను.

ఎక్కడ తప్పానో వెతికాను. ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకు ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే, ఇందాక చూసినదే ముందుకొస్తుంది. రోజూ చేసే పని. లోపలి చిన్న విండోలు కూడా అలాగే వస్తాయనుకున్నాను. అవి అలా రావు. తెరిచిన వరసలో వస్తాయి. ఒకటి, రెండు, మూడు, మళ్ళీ ఒకటి. నేను మూడో విండోలో ఉండి ఒకసారి నొక్కాను. మూడు తర్వాత ఒకటి వచ్చింది. నేను రెండు అనుకున్నాను.

చూడగానే తెలియలేదా అంటే, తెలిసే వీలు తక్కువ. ఇరవైనాలుగు గంటల తేడాతో వేసిన రెండు చక్రాలు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. వేళ ఒకటే కాబట్టి లగ్నం ఒకటే. చంద్రుడు రెండింట్లోనూ సింహరాశిలోనే ఉన్నాడు. గ్రహాలన్నీ అవే గళ్ళలో. పైన పేరు ఒకటే. మారింది నక్షత్రం ఒక్కటే. మఖ అన్న మాట నా కంటికి కొత్తదైతే ఆగేదాన్ని. పొద్దుటి నుంచి చూస్తున్న మాటే అది. తెలిసిన మొహమని లోపలికి రానిచ్చాను.

సరైన విండో ముందుకు తెచ్చి, తేదీ పైకి చదివి, మళ్ళీ లెక్క చేయించాను. ఇరవై మూడున్నర. నమ్మక చేత్తో చేశాను. ఆరు లెక్కలు మారలేదు. గణం దగ్గర సున్న ఆరైంది. నాడి దగ్గర సున్న ఎనిమిదైంది. ఆరూ ఎనిమిదీ పద్నాలుగు. తొమ్మిదిన్నరకు పద్నాలుగు కలిపితే ఇరవై మూడున్నర. కాగితం లెక్కా తెర లెక్కా కలిశాయి.

అది శుక్రవారం. ఆదివారం వాళ్ళు చీరాల వెళ్తారు.

ఫోన్ చేసి చెప్పేస్తే సరిపోతుందని మా ఆయన అన్నారు. నాకు సరిపోదనిపించింది. రెండు రోజుల్లో అంకె మారిందని ఫోన్లో చెబితే, పిల్ల తరపువాళ్ళు చెప్పించారనుకుంటారు. నేనైనా అలాగే అనుకుంటాను. అంకె మారిందంటే దాని వెనక కాగితం ఉండాలి. శనివారం పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాను. సంచిలో రెండు చక్రాల అచ్చులు, చేత్తో చేసిన లెక్క, అమ్మాయి పుట్టిన ఏడాదిది నాన్న పంచాంగం.

రేపల్లెలో తల్లీకూతుళ్ళు ఇంట్లోనే ఉన్నారు. నేను కూర్చోకుండానే చెప్పాను, తప్పు నాదని. తల్లి చీర కొంగుతో కుర్చీ తుడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"అంటే కుదిరినట్టా అండి?"

"లెక్క కుదిరిందండి. మిగతాది మామ్మగారి చేతిలో ఉంది. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం ఏదైనా ఉంటే చూపిస్తారా?"

రేకు పెట్టెలో అడుగున నాలుగు మడతల కాగితం దొరికింది. అందులో గురువారం తేదీ, వేళ తెల్లవారుజామున రెండు అని ఉంది. అమ్మాయి నా ఎదురుగా నేల మీద కూర్చుని రెండు చక్రాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎనిమిది వరసలూ వేలుతో కిందికి దిగుతూ కూడుకుంది. నేను చూస్తూ కూర్చున్నాను. నా లెక్కను ఇంకొకరు అలా కూడటం చూడటం అదే మొదటిసారి.

"ఇరవై మూడున్నరేనండి," అంది చివరికి. "ఆంటీ, మీరొక్కరే చేస్తారా ఈ పని?"

"ఒక్కదాన్నే."

"మా దగ్గర వంద గింజలూ నేను లెక్కపెట్టాక ఆయన మళ్ళీ లెక్కపెడతారు. నాది ఆయన చూడరు, ఆయనది నేను చూడను. రాసుకున్నాక పోలుస్తాం."

"ఆయనట," అంది తల్లి. "ఇంకా పాయింట్లు తేలనేలేదు."

"నువ్వూరుకో అమ్మా." అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు తిరిగి, "ఆ రెండు విండోలకూ ఒకే పేరు ఎందుకు పెట్టారండి?" అని అడిగింది.

"మీ పేరు ఒకటేగా మరి."

"మేము గింజలు పరిచే ట్రేలన్నిట్లోనూ ఒకే రకం విత్తనమే అండి. అయినా ప్రతిదాని మీదా చీటీ వేరే ఉంటుంది."

పదకొండేళ్ళుగా విండో నుదుటి మీద మనిషి పేరు మాత్రమే రాస్తున్నాను. పక్కన వారం రాయొచ్చని, తప్పుదానికి తప్పు అని రాసి పెట్టొచ్చని, అదే తెర మీద గీత కొట్టడమని నాకు తట్టలేదు.

తల్లి పెట్టిన ఉప్మా తిని, ఆసుపత్రి కాగితం కూడా సంచిలో పెట్టుకుని బాపట్ల బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళాను. ఒక్క వాక్యమూ కుదరలేదు. అంకెలు కుదిరినట్టు మాటలు కుదరవు నాకు.

బస్టాండులో పురోహితుడు ఎదురొచ్చారు. ఆటోలో నా పక్కన కూర్చుని బయటికే చూస్తున్నారు. చెడ్డ కబురు ఆ ఇంటికి మోసుకెళ్ళింది ఆయన.

"బాబాయిగారూ, కోపం వచ్చిందా అండి?"

"కోపం ఎందుకమ్మా. ముప్పై ఏళ్ళ క్రితం నేనొక ఇంట్లో వరుడి గోత్రం బదులు మామగారి గోత్రం చదివేశాను. పెళ్ళిపందిట్లో. మీది కనీసం గదిలో జరిగింది." తర్వాత, "మామ్మగారితో మాత్రం జాగ్రత్త. ఆవిడ నా మంత్రంలోనే తప్పు పడతారు," అన్నారు.

నాయనమ్మగారు వసారాలో నేల మీద కూర్చుని గోంగూర ఆకులు తుంచుతున్నారు. ఎనభై దాటిన మనిషి. వెన్ను నిటారుగా ఉంది. పురోహితుడు నన్ను పరిచయం చేసి, వచ్చిన పని చెప్పి, తప్పుకుని గోడ పక్క నిలబడ్డారు.

"కూర్చోమ్మా," అన్నారావిడ, గోంగూర వదలకుండా. "మొన్న తొమ్మిదిన్నరన్నారు. ఇవాళ ఎంతంటారు?"

"ఇరవై మూడున్నరండి."

"రేపు పొద్దుటికి ముప్పై అవుతుందా? ఆగి చూద్దాం మరి."

"అవదండి. మొన్నటిది నా తప్పు."

"నీదా, మీ పెట్టెదా?"

"పెట్టె సరిగ్గానే చెప్పిందండి. రెండు చక్రాలు తెరిచి, నేనే తప్పు చక్రం ముందుకు తెచ్చుకున్నాను."

ఆవిడ తల ఎత్తి నన్ను మొదటిసారి సరిగ్గా చూశారు. "మా కాలంలో ఒకటే పంచాంగం. తెరిస్తే ఒకటే పేజీ. మీకు పేజీలు ఎక్కువై, ఏ పేజీలో ఉన్నారో మీకే తెలియడం లేదు. పిల్లవాళ్ళు వచ్చి బతిమాలారా?"

"లేదండి. ఆ అమ్మాయి లెక్క చూపించమంది. చూపిద్దామని కూర్చుంటే తప్పు దొరికింది."

"లెక్క చూపించమందా?"

"ఎనిమిదీ వరసగా రాసివ్వమందండి."

ఆవిడ గోంగూర పళ్ళెం పక్కకు జరిపారు. నేను తెచ్చిన అచ్చు కాగితాలు సంచిలోనే ఉంచి, నాన్న పంచాంగం తీసి ఆ పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడకు ఆ అక్షరాలు ఆనవు. చదవమన్నారు.

"బుధవారం, మఖ ముప్పై ఒక్క గడియలండి."

గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. సూర్యోదయం నుంచి లెక్క. ఆ మాట వినగానే ఆవిడ బొటనవేలు కణుపుల మీద కదలడం మొదలైంది.

"పిల్ల పుట్టిందెప్పుడు?"

"బుధవారం రాత్రి రెండింటికండి. ఆసుపత్రి కాగితం ఇదిగో."

"కాగితం సరేలే. పొద్దున ఆరు నుంచి రాత్రి రెండు దాకా ఎన్ని గంటలు?"

"ఇరవై."

"గంటకు రెండున్నర." బొటనవేలు ఒక వేలు దిగి ఇంకో వేలెక్కింది. "యాభై. యాభయ్యో గడియకు పుట్టింది. మఖ ముప్పై ఒకటికే వెళ్ళిపోయింది." వేలు ఆగింది. "పుబ్బ."

నేను అవునన్నాను.

"నువ్వు అవునంటే అవలేదు. నా వేళ్ళు అన్నాయి." ఆవిడ కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. ఈసారి రోహిణి దగ్గర మొదలుపెట్టి, నక్షత్రాల పేర్లు మెల్లగా పైకి అంటూ పుబ్బ దాకా వచ్చారు. ఎనిమిది. మావాడి నాడి అంత్యం, ఆ పిల్లది మధ్యం అన్నారు తనలో తాను. నేను చెప్పకుండానే.

లోపలి గుమ్మం దగ్గర అబ్బాయి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆవిడ కళ్ళు తెరవకుండానే పిలిచారు.

"ఏరా, వింటున్నావా?"

"వింటున్నాను నాయనమ్మా."

"ఆ పిల్ల వంద గింజలు లెక్కపెడితే ఎప్పుడైనా తప్పు పడ్డావా?"

"రెండుసార్లు తేడా వచ్చింది."

"ఎవరిది తప్పు?"

"రెండుసార్లూ నాదే."

ఆవిడ పళ్ళెం మళ్ళీ దగ్గరకు లాక్కున్నారు. "చీరాల వాళ్ళకు ఫోన్ చేసి, రేపు రావడం లేదని మీ నాన్నను చెప్పమను. తప్పుగా అనుకోవద్దని చెప్పమను." తర్వాత నా వైపు చూసి, "ఆ పంచాంగం ఉంచి వెళ్తావా? రేపొకసారి వీడితో చదివించుకుని మళ్ళీ లెక్కపెట్టుకుంటాను," అన్నారు.

నాన్న పుస్తకం నేను ఎవరికీ ఇవ్వను. ఇచ్చాను.

తిరుగు రైలు ఎక్కేసరికి ఇంకా ఎండ ఉంది. కిటికీ పక్క కూర్చుని నా చిన్న పుస్తకం తీశాను. అందులో ఒక పేజీ నా తప్పులకు. ఇతరులు పట్టినవి ఒక వైపు, నేను పట్టుకున్నవి ఒక వైపు. ఇది ఎటు రాయాలో తేలలేదు. పట్టుకున్నది నేనే. కానీ ఆ అమ్మాయి అడగకపోతే పట్టుకునేదాన్ని కాదు. చివరికి మధ్యలో రాశాను. ఆ పేజీలో మధ్యలో ఉన్నది అదొక్కటే.

ఇంటికొచ్చాక ఆ మూడు విండోల పని ముగించాను. ముందు మఖ విండో పేరు మార్చి, అమ్మాయి పేరు పక్కన 'తప్పు, మంగళవారం రాత్రి' అని రాసి భద్రపరిచాను. పుబ్బ విండోకు 'సరి, బుధవారం రాత్రి' అని రాశాను. అప్పుడు తప్పుదాన్ని మూశాను. చెరపలేదు. గీత కొట్టి పక్కన పెట్టాను. అప్పటి నుంచి రోజును తేల్చుకోవాల్సిన జాతకం ఏది వచ్చినా ఇదే పద్ధతి. పోల్చే లెక్కకు ముందు విండోలన్నీ పక్కపక్కన పెట్టి, తేదీలు పైకి చదువుతాను. అక్షరాలు చిన్నవే. కొత్త కళ్ళద్దాలు చేయించుకున్నాను.

మా ఆయన ఒకరోజు వెనక నిలబడి చూశారు. "ఇవాళ రెండే ఉన్నాయేంటి? ముక్కలు పంచడం మానేశావా?" అన్నారు. ఆట మారిందని చెప్పాను.

నెల తర్వాత పంచాంగం బాపట్ల నుంచి పోస్టులో వచ్చింది. ఆ పేజీ దగ్గర గుర్తుగా ఎండిన గోంగూర ఆకు ఒకటి ఉంది. అదే రోజు సాయంత్రం పురోహితుడు సందేశం పంపారు. రెండు జాతకాలూ పెట్టి మంచి ముహూర్తాలు నాలుగు తీసి పంపమన్నారు. మామ్మగారు తామూ వేళ్ళ మీద చూసుకుంటామన్నారట, నాది చూడకుండా. తర్వాత పోలుస్తారట.

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అబ్బాయి విండో ఎడమ పక్క, అమ్మాయి విండో కుడి పక్క పెట్టాను. తేదీలు పైకి చదువుతుండగా ఫోన్ మోగింది. రేపల్లె నుంచి అమ్మాయి తల్లి.

"ముహూర్తం చూస్తున్నారటగా అక్కయ్యగారూ. మా అమ్మాయి ఒక మాట అడగమంటోందండి." వెనక నుంచి నవ్వు, వద్దమ్మా అన్న మాట వినబడ్డాయి. "ఇప్పుడు ఎన్ని విండోలు తెరిచారండి?"

తెర వైపు చూశాను. తెలిసిందే అయినా, చెప్పే ముందు వేలు పెట్టి లెక్కపెట్టాను.

"రెండేనండి," అన్నాను.